తీర్మానాల పుస్తకంలో మన మాట

మౌనం అర్ధాంగీకారం అన్నది పెద్దల మాట. ఇద్దరి మధ్య వ్యవహారంలో అది నిజమే కావచ్చును. ఊరి వ్యవహారంలో మాత్రం మౌనం సగం అంగీకారంతో ఆగదు. అది సంపూర్ణాంగీకారమై తీర్మానాల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఈ సత్యాన్ని నేను గ్రంథాలలో చదివి తెలుసుకొనలేదు. నేను కాపురముంటున్న గ్రామంలో, అక్షరం రాని ఒక వృద్ధురాలి వద్ద నేర్చుకొన్నాను.

మా గ్రామం గురజాల ప్రాంతంలోనిది. పేరు చెప్పవలసిన పని లేదు. పల్నాటిలో ఇటువంటి గ్రామాలు అనేకం. కొన్నేండ్ల క్రిందట ఒకనాడు గ్రామసభ జరుగుతున్నదని దండోరా వేసినారు. కళాశాలకు సెలవు గనుక నేనూ వెళ్లినాను. పంచాయతీ కార్యాలయం ముందు వేపచెట్టు క్రింద ముప్పది కుర్చీలు వేసి ఉన్నవి, సగం ఖాళీ. వచ్చినవారిలో పలువురు పింఛను కొరకో, ఇంటిస్థలం కొరకో అర్జీలు పట్టుకొని వచ్చినవారు. అవి మిరపకోతల రోజులు. కూలికి పోయేవారు తెల్లవారకముందే చేలకు వెళ్లిపోయినారు. కార్యదర్శి ఆ సంవత్సరం చేయదలచిన పనుల జాబితాను వడివడిగా చదివినారు. గుడివీధికి సిమెంటు రోడ్డు అన్నది అందులో మొదటి పని. "అందరికీ సమ్మతమే గదా" అని, సమాధానం కొరకు ఆగకుండానే పుస్తకం చేతికిచ్చినారు. పుస్తకం వరుసగా చేతులు మారినది. నా వంతు వచ్చినప్పుడు నేనూ సంతకం చేసినాను. చదువనిదే సంతకం పెట్టరాదని ఏటేట విద్యార్థులకు చెప్పే నేను, ఆ పుటలో ఏమున్నదో చూడలేదు.

గోడ ప్రక్కన నలుగురైదుగురు స్త్రీలు నిలుచుండి ఉన్నారు. వారిలో ఒక వృద్ధురాలి ముందుకు పుస్తకం, సిరాదిండు వచ్చినవి. ఆమె చేయి చాపలేదు.

"ఏలిముద్ర తరవాత యేస్తాగాని అబ్బాయా, ముందు ఆ పుస్తకంలో మా యీధి మాట రాశావా?"

"ఏం మాట పెద్దమ్మా?"

"మా యీధికి మురుక్కాలవ లేదు. కుళాయిగుంటలోకి మురుగు దిగతా ఉంది. ఆ నీళ్లే మా పిల్లలు తాగుతున్నారు. గుడికాడ రోడ్డు యేస్తే యెయ్యండి, నేనేం కాదనను. మా మాట కూడా రాసి, నాకు సదివి ఇనిపించు."

కొందరు నవ్వినారు. "రాస్తార్లే, ఎయ్యి" అన్నారెవరో. ఆమె కదలలేదు. చివరకు కార్యదర్శి కలం తీసి, చివరి వీధికి మురుగుకాలువ కావలెనని ఒక వాక్యం వ్రాసి, పైకి చదివినారు. అప్పుడు గాని ఆమె వేలు సిరాలో ముంచలేదు. నా సంతకానికి లేని విలువ ఆ వేలిముద్రకు ఉన్నదని నాకు ఆ నిమిషాన తోచినది. నేను హాజరైనాను, ఆమె పాల్గొన్నది. ఈ రెండింటి మధ్య భేదమే ఈ వ్యాసానికి విషయం.

పల్నాటి పాత పాఠం

అడగకుండా చేసిన నిర్ణయం ఎంత దూరం పోతుందో చెప్పే కథలు మన సీమకు కొత్తవి కావు. పన్నెండవ శతాబ్దపు పల్నాటి వీరుల కథ మన పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బినది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఒకరికి నాయకురాలు నాగమ్మ మంత్రి, మరొకరికి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవారు ఏడేండ్లు రాజ్యం విడిచి పోవలెనని పణం. మాచర్ల పక్షం ఓడినది, వలస పోయినది. గడువు తీరిన పిదప రాజ్యభాగం అడిగిన రాయబారం విఫలమై, చివరకు కారెంపూడి రణరంగంలో ఆ కథ ముగిసినది. వీరుల శౌర్యాన్ని మనం నేటికీ పాడుకొంటున్నాము. ఏటేట కార్తికంలో కారెంపూడి తిరునాళ్లకు పోయి వీరుల ఆయుధాలకు మ్రొక్కుతున్నాము. కాని ఒక ప్రశ్నను మాత్రం తరగతిలో వేయము. పందెం ఒడ్డిన నాడు మాచర్ల జనాన్ని ఎవరైనా అడిగినారా? పందెం పాలకులది, పణమైనది ఊరి బ్రతుకు.

ఆ కథలోనే మరొక పాఠమూ ఉన్నది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనం పెట్టించినాడని, దానికే చాపకూడు అని పేరు వచ్చినదని చెప్పుకొంటాము. కలిసి కుడిచిన జ్ఞాపకం మనకు మిగిలినది. ఆ చాప మీదనే కూర్చుండి కలిసి ఆలోచించడం మాత్రం అలవాటు కాలేదు. ఊరి సభలో నేటికీ కుర్చీలు కొందరివి, గోడప్రక్క కొందరిది. ఎనిమిది వందల యేండ్లకు పూర్వం ఒక స్త్రీ గురజాల కొలువులో మంత్రిత్వం నెరపిన గడ్డ ఇది. అట్టి గడ్డపై గ్రామసభకు వచ్చిన స్త్రీలు గుమ్మం దాటి ముందుకు రావడానికి నేటికీ సంకోచిస్తున్నారంటే లోపం వారిది కాదు.

ఇంకా వెనుకకు పోదాము. మాచర్ల చేరువన కృష్ణాతీరాన, మూడు నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయ ఉన్నది. నేడు ఆ లోయ సాగర్ జలాల క్రింద ఉన్నది. శిథిలాలలో ముఖ్యమైనవాటిని కొండపైకిని, అనుపుకును తరలించినారు. ఆ విహారాలలో వసించినది బౌద్ధ సంఘం. బౌద్ధుల వినయనియమాలలో సంఘనిర్ణయానికి ఒక పద్ధతి చెప్పబడినది. ముఖ్యమైన విషయాన్ని సభ ముందు స్పష్టంగా విన్నవించవలెను. సమ్మతి లేనివారు మాట్లాడవలసినదని ముమ్మారు అడుగవలెను. ముమ్మారు అడిగిన తరువాతనే మౌనాన్ని సమ్మతిగా గ్రహింపవలెను. మౌనానికి విలువ ఇచ్చినవారే, దానికి ముందు మూడు ప్రశ్నలు ఉండవలెనన్నారు. మా గ్రామసభలో అడిగినది ఒక్కసారి. అదీ ప్రశ్నలా వినిపించలేదు.

అడగనందుకు చెల్లించిన మూల్యం

ఆధునిక కాలానికి వస్తే, అడగకుండా వేసిన పన్నులకు పాత గుంటూరు జిల్లా ప్రజలు ఒకే కాలంలో రెండు చోట్ల ఎదురు నిలిచినారు. రెండు కథలూ మన పాఠ్యపుస్తకాలలో స్వాతంత్ర్యసమర ఘట్టాలుగా ఉన్నవి. అవి స్థానిక పరిపాలన పాఠాలు కూడ.

మొదటిది మన పల్నాటిదే. అడవిలో పశువులను మేపినందుకు చెల్లించవలసిన పన్ను పుల్లరి. కొండలు, చిట్టడవులు, నాపరాతి నేలలు గల ఈ సీమలో పశువే రైతుకు ఆధారం. తాతల నాటినుండి మేపుకొన్న బీడుకు ఎవరో వచ్చి లెక్కకట్టడం ప్రజలకు మింగుడు పడలేదు. 1921లో పల్నాటి గ్రామాలు పుల్లరి చెల్లించ నిరాకరించినవి. విచారణకు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని ప్రభుత్వం నిర్బంధించినది. మించాలపాడులో ఉద్యమానికి నాయకుడై నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయినాడు. ఒక్క మాటలో చెప్పవలెనంటే, మేతబీడు మీద నిర్ణయంలో తన ఊరికి మాట ఉండవలెనన్నందుకు ఒక రైతు ప్రాణం ఇచ్చినాడు.

రెండవది చీరాల–పేరాల. నాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. చేనేతవారు అధికంగా ఉన్న ఆ జంటగ్రామాలను 1919లో మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చినది. యూనియనుగా ఉన్నప్పుడు సుమారు 4 వేల రూపాయలున్న పన్నుల మొత్తం 40 వేలకు చేరినది. మాకు మునిసిపాలిటీ వలదని ప్రజలు మహజర్లు పెట్టుకొన్నారు. ప్రభుత్వం వినలేదు. పన్నులు కట్టనందుకు కొందరు జైలు పాలైనారు. ఎడింబరోలో చదివి వచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకత్వం వహించినారు. 1921 ఏప్రిలులో గాంధీజీ చీరాల వచ్చి, శాంతియుతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరే విడిచిపోవడం అనే రెండు మార్గాలను ప్రజల ముందుంచినారు. ప్రజలు రెండవదానిని ఎన్నుకొన్నారు. 15 వేల పైచిలుకు జనాభాలో 13 వేలకు పైగా జనం మునిసిపాలిటీ హద్దు దాటి, పందిళ్లు, గుడిసెలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొన్నారు. ఎండలో, వానలో పదకొండు నెలలు అక్కడనే ఉన్నారు. గోపాలకృష్ణయ్యగారు నిర్బంధితులై, ధనబలం తరిగి, చివరకు వారికి తిరిగి రాక తప్పలేదు.

చీరాల ప్రజలు పోరాడినది పన్ను మొత్తం మీద మాత్రమే కాదు. మా ఊరు ఏమి కావలెనో మమ్మల్ని అడగనిదే నిర్ణయించరాదన్నది వారి పోరాటం. రామనగరంలో వారు తమ సభను తామే ఏర్పరచుకొని, తమ తగవులు తామే తీర్చుకొన్నారని చరిత్రకారులు వ్రాసినారు. ఊరు విడిచినవారు సభను విడువలేదు. ఊరిలో సుఖంగా ఉన్న మనం సభను విడిచినాము.

కాగితం మీద ఉన్నది, సభలో లేనిది

చీరాలవారు కోరినది నేడు చట్టమై ఉన్నది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినది. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభ సభ్యుడేనని అది నిర్వచించినది. వార్డు సభ్యునికి ఎన్నిక కావలెను, సర్పంచికి ఎన్నిక కావలెను. గ్రామసభ సభ్యత్వానికి పదునెనిమిదేండ్లు నిండి ఓటు ఉంటే చాలును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను సంవత్సరానికి కనీసం రెండు పర్యాయాలు పిలిచి తీరవలెనని ఆదేశించినది. సభ ముందు ఉంచవలసిన విషయాలను కూడ పేర్కొన్నది. వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడచిన యేటి పరిపాలన నివేదిక, రాబోయే పనుల జాబితా, లబ్ధిదారుల ఎంపిక అందులో ఉన్నవి. కొత్త పన్నుల ప్రతిపాదనలు, ఉన్న పన్నుల పెంపు ప్రతిపాదనలు కూడ ఉన్నవి. ఈ చివరి విషయాన్ని చదివినప్పుడు రామనగరపు గుడిసెలు జ్ఞాపకం రాకమానవు. 13 వేలమంది పదకొండు నెలలు ఊరు విడిచి అడిగినది చట్టంలో ఒక చిన్న వాక్యంగా నిలిచినది. పన్ను పెంపు ప్రతిపాదన చదివే నాడు మనం సభలో ఉన్నామా అన్నదే ప్రశ్న.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే దినాన గ్రామసభలు జరిగినవి. సభ జరిపించడం ప్రభుత్వానికి సాధ్యమేనని అది నిరూపించినది. సభలో మాట్లాడించడం ప్రభుత్వాజ్ఞ వల్ల కాదు. అది మన పని.

పట్టణవాసుల సంగతి కొంత వేరు. నరసరావుపేట పురపాలక సంఘం 1915లో ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వెలసినప్పుడు ఆ పట్టణమే జిల్లాకేంద్రమైనది. గురజాల 2020లో నగర పంచాయతీ అయినది. గ్రామం పట్టణమైతే వీధిదీపాలు, సిబ్బంది, నిధులు పెరుగుతాయని సంతోషిస్తాము, సహజమే. కాని ఒకటి గమనింపవలెను. గ్రామసభ పంచాయతీరాజ్ చట్టం ఇచ్చిన హక్కు. గ్రామం ఆ చట్టం పరిధి దాటి పురపాలక చట్టం క్రిందికి వచ్చిన నాడు, ఓటర్లందరూ సభ్యులుగా ఉన్న ఆ సభ కూడ వెనుక నిలిచిపోతుంది. 74వ సవరణ పట్టణాలకు వార్డు కమిటీలను చెప్పినది గాని, 3 లక్షలకు తక్కువ కాని జనాభా గలవాటికే వాటిని తప్పనిసరి చేసినది. 2011 జనాభా లెక్కల ప్రకారం నరసరావుపేటలో ఉన్నది లక్షా పదునేడు వేలమంది. జిల్లాలో మరే పట్టణం దానికంటె పెద్దది కాదు. రాజ్యాంగం తప్పనిసరి చేసిన వార్డు కమిటీ పల్నాటి పట్టణం దేనికీ అందదన్నమాట. కావున పట్టణంలో సభ మన వద్దకు రాదు. మనమే వార్డు ప్రతినిధి వద్దకు, పురపాలక కార్యాలయానికి పోవలెను. బడ్జెటు తయారయ్యే రోజులలో, పన్ను సవరణ నోటీసు వచ్చిన నాడు, నాలుగిండ్లవారు కలిసి పోవలెను.

ఇక్కడనే ఏకగ్రీవం అనే పదాన్ని గురించి తెలుగు అధ్యాపకుడిగా ఒక మాట చెప్పవలెను. గ్రీవం అనగా కంఠం. అందరి కంఠాలూ ఒకటై పలకడం ఏకగ్రీవం. ఎవరి కంఠమూ పలకకపోవడానికి మన భాషలో వేరొక పదం ఉన్నది; అది మౌనం. 2021 మార్చి పురపాలక ఎన్నికలలో మాచర్లలోని 31 వార్డులూ ఏకగ్రీవంగా ముగిసినవి. దాని మంచిచెడ్డల చర్చ ఈ వ్యాసం పని కాదు. పోలింగు జరుగని చోట పౌరునికి మిగిలేది సభలో మాట, కాగితంపై ప్రశ్న మాత్రమే. ఓటు వేయకుండానే ప్రతినిధి వచ్చిన చోట ఈ రెండింటి విలువ ఇంకా పెరుగుతుంది.

అర్జీ వేరు, తీర్మానం వేరు

సభకు పోవడంలోనూ ఒక విద్య ఉన్నది. మనలో పెక్కుమంది గ్రామసభను అర్జీల సభ అనుకొంటున్నారు. నాకు పింఛను, నాకు ఇల్లు, నాకు కార్డు అని అడగడం తప్పు కాదు, అవసరం అడిగిస్తుంది. కాని అర్జీకి సమాధానం అధికారి ఇస్తారు. తీర్మానం మాత్రం సభ చేస్తుంది. అర్జీలో మనం అడిగేవారము. తీర్మానంలో మనం నిర్ణయించేవారము. ఆ వృద్ధురాలు అడిగినది తన ఇంటికి కుళాయి కాదు, వీధికి కాలువ. అందుకే అది పుస్తకంలోకి ఎక్కినది.

ఆనాటి తరువాత నేను కొంత చదివినాను, కొంత తిరిగి తెలుసుకొన్నాను. 2021–26 సంవత్సరాలకు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం త్రాగునీటికి, పారిశుధ్యానికి కట్టుబడినది. 40 శాతం మాత్రమే ఊరి ఇష్టానికి వదలినది. అనగా మురుగుకాలువ ఎవరి దయాధర్మమో కాదు. అట్టి పనికే కేటాయించిన సొమ్ము ఉన్నది. గుడివీధి రోడ్డుకూ చివరి వీధి కాలువకూ మధ్య తగవే లేదు. రెండూ రెండు పద్దులు. ఈ సంగతి సభలో ఒక్కరికి తెలిసి ఉన్నా, ఆమె చిరునవ్వుల పాలయ్యేది కాదు. ఆ ఒక్కరూ నేనై ఉండవలసినది.

కావున సభకు ముందు రోజే నోటీసు బోర్డు చూడవలెను. ఏ పద్దులో ఎంత వచ్చినది, ఎంత ఖర్చైనది అడగవలెను. అడిగినా చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు; మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 దినాలలో సమాధానం రావలెను. చెప్పదలచినది ఒక కాగితం మీద వ్రాసుకొని, వీధివారు నలుగురు కలిసి పోవలెను. సభలో మనుష్యులను గురించి కాక పనిని గురించి మాట్లాడవలెను. చివర, వ్రాసినది చదివి వినిపించమని అడగవలెను.

చదివి వినిపించడం చిన్న సంగతి కాదు. 2005 నాటి ఉపాధిహామీ చట్టం క్రింద 2006 నుండి మన రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీల బలమంతా అందులోనే ఉన్నది. మస్టరులో ఉన్న పేర్లను, పనిదినాలను ఊరి నడుమ బిగ్గరగా చదివేవారు. నేను ఆ పనికే పోలేదని ఒక కూలీ లేచి అన్న క్షణాన లెక్క తప్పు బయటపడేది. అక్షరం రానివారి చేతిలో కూడ ఆ పద్ధతి ఆయుధమైనది.

ఇతర ప్రాంతాలవారూ ఈ దారిన నడిచినారు. కేరళలో 1996లో ప్రజాప్రణాళికోద్యమం ఆరంభమైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధులలో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, పనుల ఎంపికను గ్రామసభల చర్చతో మొదలుపెట్టినారు. బ్రెజిల్ దేశంలోని పోర్తో అలెగ్రె నగరంలో 1989 నుండి పేటలవారు సభలు జరుపుకొని, నీరు, మురుగుకాలువలు, వీధులలో ఏది ముందు కావలెనో తామే వరుస నిర్ణయించినారు. ఆ సభలలోనూ మాట్లాడినది మన వృద్ధురాలి వంటివారే. వారి వీధులకూ మురుగే మొదటి సమస్య.

ఇక్కడ ఎదురయ్యే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. కూలి పోగొట్టుకొని సభకు ఎవరు వస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం కూలివారిని నిందించడం కాదు, కోతల రోజులలో సభను సాయంకాలం పెట్టుమని కోరడం. లేచి మాట్లాడితే నీవే పక్షమని అడుగుతారన్నది మరొక ఆక్షేపణ. పల్నాటిలో ఇది తేలికగా కొట్టివేయదగిన భయం కాదు. ఒక్కడు మాట్లాడితే పక్షమవుతుంది. వీధి అంతా కలిసి అడిగితే అది వీధి అవసరమవుతుంది. మురుగునీటికి పక్షం లేదు. అది అన్ని కుళాయిగుంటలలోకీ దిగుతుంది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

పౌరశాస్త్రంలో గ్రామసభ మార్కుల ప్రశ్నగా వస్తున్నది. గ్రామసభ విధులు వ్రాయుమన్నప్పుడు పిల్లలు ఆరు అంశాలు వ్రాసి పూర్తి మార్కులు పొందుతున్నారు. తమ ఊరి సభ ఎన్నడు జరిగినదో వారిలో ఎందరికి తెలుసును? ఉపాధ్యాయమిత్రులు ఒక పని చేయవచ్చును. పిల్లలను పంచాయతీ నోటీసు బోర్డు వద్దకు తీసుకొనిపోయి, అందులో ఉన్నది వ్రాసుకొని రమ్మనవచ్చును. ఆ జమాఖర్చులే గణితం తరగతిలో శాతాల లెక్కలవుతాయి. తరగతి గదిలోనే ఒక సభ జరిపి, ఒకరు అధ్యక్షులుగా, ఒకరు కార్యదర్శిగా, తక్కినవారు ఓటర్లుగా, బడి త్రాగునీటిని గురించి తీర్మానం చేయించవచ్చును.

తెలుగు ఉపాధ్యాయులకు మరొక పని ఉన్నది. తీర్మానం వ్రాయడం కూడ ఒక రచనయే. మా పుస్తకంలో ఆనాడు వ్రాసిన వాక్యం ఇట్లా ముగిసినది: "మురుగుకాలువ విషయం పరిశీలించడమైనది." మరుసటి సభలో దానిని చూపి అడిగితే, పరిశీలించినాము గదా అన్నారు. నిజమే, క్రియ అంతవరకే ఒప్పుకొన్నది. "పరిశీలించడమైనది" అన్నచోట పని జరుగనక్కరలేదు. "చేయుటకు తీర్మానించడమైనది" అన్నచోట జరుగక తప్పదు. "చేయబడును" అన్నచోట ఎవరు చేస్తారో తెలియదు. కర్మణి వాక్యంలో కర్త దాగుకొంటాడు. ఏ పని, ఎక్కడ, ఏ పద్దు నుండి, ఎవరి బాధ్యతపై, ఏ గడువులోగా అన్న ఐదు ప్రశ్నలకు సమాధానం లేని వాక్యం తీర్మానం కాదు. వ్యాకరణం ఎందుకని అడిగే విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బడి విషయంలో ఈ అభ్యాసానికి చట్టమే చోటు కల్పించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెనని, సగంమంది స్త్రీలు కావలెనని చెప్పినది. ఆ సమావేశంలో ధైర్యంగా మాట్లాడిన తల్లి గ్రామసభలో గోడప్రక్కన నిలుచుండదు.

మరుసటి సభలో ఆ వాక్యం మారినది. క్రియ మార్పించినది నేనే అని చెప్పుకొనడానికి లేదు. ఆమె పట్టుబట్టినది, నేను క్రియను సూచించినాను. ఇప్పుడు ఆ వీధికి కాలువ సగం వరకు వచ్చినది. మిగిలిన సగం మళ్లీ పుస్తకంలోనే ఉన్నది. ఊరి పనులు కథలవలె ముగియవు. అందుకే సభ ఒక్కసారి జరిగి ఆగిపోదు.

ఈ మధ్య జరిగిన సభకు ఆమె మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ పిల్ల తొమ్మిదవ తరగతి. పుస్తకం తమ వద్దకు రాగానే, మామ్మ చెప్పకముందే, ఆ పుటను మొదటినుండి చివరివరకు పైకి చదివినది. సభ నిశ్శబ్దంగా విన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తరువాత పుస్తకం నా చేతికి వచ్చినది. ఆ పిల్ల చదవగా విన్నదే అయినా, నేను మరొకసారి చదివి సంతకం చేసినాను.